పాత ఇంగ్లీషు చదువుకుందాం, 6వ పాఠం: ట్రోత్ అంటే ఇచ్చిన మాట

పోయిన పాఠంలో దౌ (నువ్వు), దీ (నిన్ను, నీకు), దై (నీ) చూశాం కదా, అవి ఇంకా తడబడుతుంటే ఒకసారి వెనక్కెళ్లి చూసుకుని రండి, ఎందుకంటే ఇవాళ్టి వాక్యంలో ‘దీ’ ఉంది.

ఇవాళ్టి మాట ట్రోత్. స్పెల్లింగు టి, ఆర్, ఓ, టి, హెచ్. చివర్లో థ్యాంక్స్‌లో మొదట వచ్చే శబ్దమే.

దీన్ని నేను మొదటిసారి చూసింది డిగ్రీ చదివే రోజుల్లో, ఒక పాత నవలలో పెళ్లి సీన్లో. పెళ్లికొడుకు పెళ్లికూతురి చెయ్యి పట్టుకుని ‘ఐ ప్లైట్ దీ మై ట్రోత్’ అంటాడు. ప్లైట్ అంటే నాకు తెలుసు, పేపర్లో రోజూ ‘ప్లైట్ ఆఫ్ ఫార్మర్స్’ అని వస్తుంది, దుస్థితి. ట్రోత్ మాత్రం తెలీదు, అచ్చుతప్పు పడిందేమో, త్రోట్ అయ్యుంటుందిలే అనుకున్నాను. అంటే గొంతు దుస్థితి. పాపం టెన్షన్‌లో పెళ్లికొడుక్కి గొంతు పట్టేసిందని ఖాయం చేసుకుని మరో ఇరవై పేజీలు చదివేశాను. మీకలా జరక్కూడదనే ఈ పాఠం.

ట్రోత్ అంటే ఇచ్చిన మాట, ఆ మాట మీద నిలబడే గుణం, రెండూను. మన పాత తెలుగులో ‘బాస’ దీనికి బాగా దగ్గర. బాస కూడా సంస్కృతంలోని భాష నుంచే వచ్చింది, అంటే పలికిన పలుకే ప్రమాణం అయిపోయిందన్నమాట. ఇప్పటికీ ‘మాటిచ్చాడు’, ‘మాట తప్పాడు’ అంటాం కదా, ఆ ‘మాట’ ఎలాంటిదో ట్రోత్ అలాంటిది.

ఇక ప్లైట్. ఇవి రెండున్నాయి, చూడ్డానికి ఒకటే కానీ పుట్టుకలో వేరువేరు మాటలు. దుస్థితి అనే ప్లైట్ ఫ్రెంచి దారిలో వచ్చింది. ఒట్టు పెట్టే ప్లైట్ అచ్చమైన పాత ఇంగ్లీషుది, దాని మొదటి అర్థం ప్రమాదం, అంటే మాట తప్పితే ఏం పోగొట్టుకుంటామో దాన్ని పణంగా పెట్టడం. జర్మన్‌లో బాధ్యతని ‘ప్ఫ్లిఖ్ట్’ అంటారు, అది దీని చుట్టమే. గుర్తుపట్టడం తేలిక: వెనకాల ‘ఆఫ్’ ఉంటే చాలావరకు దుస్థితి, ట్రోత్ గానీ ఫెయిత్ గానీ ఉంటే ప్రమాణం.

పైన చెప్పిన పెళ్లి వాక్యం ఆ నవలాకారుడి సొంతం కాదు. ఇంగ్లండ్ చర్చి వాళ్ల బుక్ ఆఫ్ కామన్ ప్రేయర్‌లోది, 1549 నాటి మొదటి ప్రతిలోనూ ఉంది, 1662 ప్రతిలోనూ ఉంది. దాన్ని కాస్త దగ్గర్నుంచి చూడండి. వరుడు ‘ఐ ప్లైట్ దీ మై ట్రోత్’ అంటాడు, వధువు మాత్రం ‘ఐ గివ్ దీ మై ట్రోత్’ అంటుంది. అతను పణం పెడతాడు, ఆమె ఇస్తుంది. అయినా ట్రోత్ మాత్రం ఇద్దరిదీ. మన పెళ్లిలో ‘నాతిచరామి’ వరుడొక్కడే అంటాడు, ఇక్కడ ఇద్దరూ అంటారు, నాకైతే ఇదే నచ్చింది. (ఆమె ప్రమాణంలో ‘ఒబే’ అని ఇంకో మాట కూడా ఉంది, అది అంత నచ్చలేదు.)

ఇప్పుడు అసలు చిక్కు. ట్రోత్, ట్రూత్ ఒకే మాటకి రెండు రూపాలు. పాతకాలంలో ట్రూత్ అంటే ముందు విశ్వాసం, మాట మీద నిలబడటం. ‘జరిగినది, నిజం’ అనే అర్థం తర్వాత బలపడింది. ఇది తెలియకపోతే పద్నాలుగో శతాబ్దం నాటి ఇంగ్లీషు కవి చాసర్ దగ్గర బోర్లా పడతాం. ఆయన చెప్పిన ఫ్రాంక్లిన్ కథలో డోరిజెన్ అనే ఆవిడ, తన వెంటపడుతున్న కుర్రాణ్ణి వదిలించుకోడానికి, ఈ తీరంలో రాళ్లన్నీ తీసేస్తే నీదాన్నవుతానని సరదాకి అనేస్తుంది. అతగాడు ఒక మాయగాణ్ణి పట్టుకుని రాళ్లు మాయమైనట్టు చేసేస్తాడు. ఆవిడ ఏడుస్తూ మొగుడికి చెబితే, ఆయన మనిషి నిలుపుకోవాల్సిన వాటిలో ‘ట్రౌథ్’ని (ఈ మాటకే ఆనాటి రూపం) మించింది లేదంటాడు. ఇక్కడ ‘సత్యం’ అని అనువాదం చేస్తే కథ గంగలో కలిసినట్టే. ఆవిడ అబద్ధమేం ఆడలేదు, నోరు జారి మాటిచ్చింది, గొడవంతా దాని గురించే.

ఇది ఎప్పటి సంగతో అనుకోకండి. 2023 మే 6న లండన్‌లో చార్లెస్ రాజు పట్టాభిషేకం టీవీలో చూశారా? ప్రిన్స్ విలియం తండ్రి ముందు మోకాళ్ల మీద కూర్చుని ‘ఫెయిత్ అండ్ ట్రూత్ ఐ విల్ బేర్ అన్‌టు యూ’ అన్నాడు. నీకు నిజాలు మోసుకొస్తానని కాదు, నీకు కట్టుబడి ఉంటానని. ఆ ట్రూత్ మన ట్రోతే.

ఇంకో సరదా సంగతి, ట్రూ, ట్రీ కూడా ఒకే వేరు నుంచి వచ్చాయని పండితులంటారు, చెట్టులా గట్టిగా నిలబడేది అని. ఆ వేరు నుంచే సంస్కృతంలో దారువు వచ్చింది, దేవదారు చెట్టులో ఉన్నది అదే.

పెళ్లి, పట్టాభిషేకం సరే, షేక్‌స్పియర్ నాటకాల్లో ఈ మాట ఎక్కువగా కనిపించేది ‘బై మై ట్రోత్’ అనే ఊతపదంగా. ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’ నాయిక పోర్షియా రంగం మీదికి రాగానే ‘బై మై ట్రోత్, నెరిస్సా’ అని మొదలుపెట్టి ఈ లోకమంటే విసుగొచ్చిందంటుంది. అక్కడ ప్రమాణమేమీ లేదు. మనం ‘అమ్మతోడు, తల పగిలిపోతోందే’ అన్నప్పుడు అమ్మమీద నిజంగా ఒట్టేస్తున్నామా? అదీ అంతే. డిక్షనరీ చూసి ‘నా విశ్వాసము మీద ఆన’ అని రాసుకుంటే నవ్వుతారు.

ఇప్పటి ఇంగ్లీషులో ఒంటరి ట్రోత్ వాడకండి, ఆఫీసు మెయిల్లో పెడితే మేనేజరు కంగారుపడతాడు. బతికున్నది ముఖ్యంగా బిట్రోద్డ్‌లో, అంటే నిశ్చితార్థం అయిన మనిషి. దీంట్లో థ కాస్త మెత్తబడి ‘ద’లా పలుకుతుంది, బరువు రెండో అక్షరం మీద.

ఇంటి పని. వీటిని తెలుగులో రాయండి, డిక్షనరీ ముట్టుకోకుండా: ‘బై మై ట్రోత్, దౌ ఆర్ట్ లేట్.’ ‘ద సోల్జర్ బ్రోక్ హిజ్ ట్రోత్.’ ‘షి వెప్ట్ అట్ ద ప్లైట్ ఆఫ్ హర్ బిట్రోద్డ్.’ మూడోదాన్ని రెండుసార్లు చదవండి, లేదంటే నేను పడ్డ గోతిలోనే పడతారు. జవాబులు 7వ పాఠం మొదట్లో ఇస్తాను, అందులో మాట ఫీల్టీ, సామంతుడు రాజుకి ఇచ్చేది.