తాతగారి బంగారు వాచీ: తూకానికి వేసే ముందు చూడాల్సినవి

బీరువాలోంచి పాత బంగారు వాచీ బయటపడగానే చాలా ఇళ్లలో మొదట వినిపించే మాట, "ఎన్ని గ్రాములుంటుందో తూయించండి" అని. ఆ తూకం ఆఖర్న. కేసు, అంటే మెషిన్ చుట్టూ ఉండే బయటి లోహపు గుల్ల, ఒకసారి కరిగిందంటే అది ఎవరు చేసినదో, ఏ కాలానిదో చెప్పే ఆధారమే మిగలదు. కొన్ని వాచీలు బంగారం ధరకు ఎన్నో రెట్లు పలుకుతాయి. చాలావాటికి బంగారం ధరే ధర. ఇంకొన్ని అసలు బంగారమే కావు, పూత. మీ చేతిలో ఉన్నది వీటిలో ఏదో తేల్చేది ఎక్కువగా వెనక మూత లోపలి వైపు.

అక్కడిదాకా వెళ్లేలోపు కొన్ని పనులు చేయకండి. నగల్లాగా కుంకుడురసంలో వేసి కడగొద్దు. పాత కేసుల్లోకి నీళ్లు ఇట్టే దిగుతాయి, డయల్ మీద పడ్డ మరక ఇక పోదు. పాలిష్ పెట్టించొద్దు. పాలిష్ అంటే పైనుంచి బంగారాన్ని అరగదీయడమే. పట్టీ తగిలించే కొమ్ముల పదును, ముద్రలు దాంతోపాటే పోతాయి. ఏళ్లుగా ఆగి ఉన్న వాచీకి నిండా కీ ఇచ్చి రోజంతా నడపొద్దు. లోపలి నూనె ఎండిపోయి ఉంటుంది, ఇరుసులు అరిగిపోతాయి. నడుస్తుందో లేదో తెలియడానికి ఐదారు చుట్లు చాలు. ముళ్ల మీద, అంకెల మీద చీకట్లో వెలిగే పూత ఉండి, వాచీ 1960లకు ముందుదైతే అందులో రేడియం ఉండొచ్చు. వెలగడం ఎప్పుడో మానేసినా రేడియం అక్కడే ఉంటుంది. అద్దం విప్పి దాన్ని గీకడం, ఊదడం ప్రమాదం.

మూత తీయించడం

మూత అంచున ఒకచోట గోరు పట్టేంత గాడి ఉంటే అది నొక్కుడు మూత. చుట్టూ గాట్లుంటే మర మూత. రెండూ లేకపోతే కేసు ముందు వైపు నుంచి, అద్దం తీసి విప్పాల్సిన రకం కావచ్చు. అలాంటిదాన్ని వెనక నుంచి పెకిలిస్తే అంచు వంగిపోతుంది. ఇంట్లో చాకుతో ప్రయత్నించకండి, బంగారం మెత్తన, చాకు జారిందంటే గీత శాశ్వతం. పాత కీ వాచీలు బాగుచేసే అనుభవమున్న మనిషి దగ్గర మీ ఎదురుగానే తీయించి, ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి: డయల్, మూత లోపల, మెషిన్, పట్టీ విప్పాక కొమ్ముల మధ్య, కొమ్ముల వెనక, బకిల్.

మూత లోపల అంచు వెంట సూదితో గీసినట్టు సన్నటి అక్షరాలు, అంకెలు కనిపిస్తే కంగారు పడొద్దు. సర్వీసు చేసినప్పుడల్లా మెకానిక్కులు పెట్టుకున్న గుర్తులవి. మనకు కావలసినవి అచ్చు కొట్టిన ముద్రలు.

ముద్రలు చదవడం

750 అన్నా 18 క్యారెట్ అన్నా ఒకటే. 585 అంటే 14 క్యారెట్, 375 అంటే 9 క్యారెట్. స్విస్ కేసుల్లో అంకె పక్కన బొమ్మ కూడా ఉంటుంది. 1880ల నుంచి 1995 దాకా 18 క్యారెట్‌కు హెల్వెషియా అనే స్త్రీ తల, 14 క్యారెట్‌కు ఉడుత. ఆ తర్వాత వాటి స్థానంలో సెయింట్ బెర్నార్డ్ కుక్క తల వచ్చింది. బొమ్మ చాలా చిన్నది, పది రెట్లు పెద్దగా చూపే అద్దం కావాలి. బ్రిటన్‌లో ముద్ర పడ్డ కేసులు చాలావరకు 9 క్యారెట్‌వి. వాటిలో లంగరు బొమ్మ ఉంటే బర్మింగ్‌హామ్, చిరుత తల ఉంటే లండన్, పక్కన ఏడాదిని సూచించే అక్షరం. ఆ అక్షరాన్ని పట్టికలో సరిచూస్తే కేసు ఏ ఏడాదిదో తేలిపోతుంది. ఒమేగా మెషిన్ ఉన్న కేసులో డెనిసన్ అని కనబడితే నకిలీ అనుకోకండి. డెనిసన్ బర్మింగ్‌హామ్‌లో కేసులు చేసిన పేరున్న సంస్థ. మన బి.ఐ.ఎస్. హాల్‌మార్క్ కోసం మాత్రం వెతకొద్దు, బంగారానికి ఆ పథకం మొదలైందే 2000లో.

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. "14 కె" అని చూసి సంతోషపడి, ఆ వెంటే ఉన్న "గోల్డ్ ఫిల్డ్" అనే మాట చదవరు. గోల్డ్ ఫిల్డ్, రోల్డ్ గోల్డ్, ప్లాకే, 20 మైక్రాన్స్, వీటిలో ఏది ఉన్నా పైన పొర మాత్రమే బంగారం. 20 మైక్రాన్లంటే మిల్లీమీటర్‌లో యాభయ్యో వంతు. వెనక మూత మీద స్టెయిన్‌లెస్ స్టీల్ అని ఉంటే చాలావరకు పూత కేసే. కొమ్ముల చివర్లు, కీ పక్క అంచు చూడండి: పూత అరిగినచోట తెల్లటి లోహమో ఇత్తడో తొంగిచూస్తుంది, బంగారమైతే గీత లోపల కూడా అదే రంగు. పదవీ విరమణ బహుమతులుగా వచ్చిన బంగారు రంగు హెచ్.ఎం.టి.లు దాదాపు అన్నీ పూతవే.

ముద్ర అరిగిపోయి అనుమానం మిగిలితే క్యారెట్ మీటర్ (బంగారం ఎంత స్వచ్ఛమో కొలిచే యంత్రం) ఉన్నచోట చూపించండి. అయితే ఆ యంత్రానికి కనిపించేది పై పొరే. మందమైన పూతను కూడా అది బంగారమనే చెబుతుంది. అందుకే బయటా, మూత లోపలా, కొమ్ముల వెనకా వేర్వేరుగా చూడమనండి. అంకెలు బాగా తేడాగా వస్తే పూత అన్నమాట. గీటురాయి మీద గీయాల్సి వస్తే కొమ్ముల వెనక వైపే గీయనివ్వండి, ముందు వైపు ఒప్పుకోవద్దు.

ఎవరిది, ఎప్పటిది

డయల్ మీది పేరును ఒక్కదాన్నే నమ్మకండి. డయల్, మూత, మెషిన్, మూడింటి మీదా పేరు కలవాలి. ఒమేగాకు సీరియల్ నంబర్ మెషిన్ మీద ఉంటుంది: కోటి దగ్గర ఉంటే సుమారు 1944, కోటిన్నర అయితే 1956 ప్రాంతం, రెండు కోట్లయితే 1963 ప్రాంతం. రోలెక్స్ ఆయిస్టర్ పాతవాటికి పట్టీ విప్పితే 6 వైపు కొమ్ముల మధ్య సీరియల్, 12 వైపు మోడల్ నంబర్ ఉంటాయి. లాంజీన్, పటేక్ ఫిలిప్ సంస్థలు తమ పాత రిజిస్టర్లు దాచుకున్నాయి. నంబర్లు పంపి ఆ వాచీ ఎప్పటిదో అడగొచ్చు.

ధరను అన్నిటికన్నా ఎక్కువగా ప్రభావితం చేసేది డయల్. మన దేశంలో తిరిగిన పాత వాచీల్లో మళ్లీ రంగు వేయించినవి చాలా ఎక్కువ. భూతద్దంతో చూస్తే దొరికిపోతాయి: అక్షరాల అంచులు చెదిరి ఉంటాయి, నిమిషాల గీతలు అంకెలకు సూటిగా రావు, 6 కింద ఉండాల్సిన "స్విస్ మేడ్" కనపడదు. కాస్త మచ్చలున్నా అసలు డయల్‌కే సేకరణదారులు ఎక్కువిస్తారు. కొత్తగా తళతళలాడే డయల్ చూస్తే ధర తగ్గించి అడుగుతారు.

లెక్క

బంగారం విలువకు మెషిన్, డయల్, అద్దం, తోలు పట్టీ అన్నీ తీసి ఒట్టి కేసును, మూతను తూయాలి. 18 క్యారెట్ కేసు 12 గ్రాములుంటే అందులో మేలిమి 9 గ్రాములు. అదే 9 క్యారెట్ అయితే నాలుగున్నర. ఆ రోజు 24 క్యారెట్ రేటుతో గుణించండి. దుకాణం బోర్డు మీద 22 క్యారెట్ రేటే ఉంటే దాన్ని 24తో గుణించి 22తో భాగిస్తే 24 క్యారెట్ రేటు వస్తుంది. కరిగింపు నష్టం పేరుతో ఎంత తీస్తున్నారో ముందే అడగండి. గొలుసు పట్టీ ఉంటే దాన్ని విడిగా తూయించి, విడిగా పరీక్ష చేయించాలి. స్విస్ వాచీకి మన కంసాలి 22 క్యారెట్‌లో చేసిన చైను ఉండడం కొత్తేమీ కాదు, దాన్ని కేసుతో కలిపి 18 కింద లెక్కకడితే మీకే నష్టం. పైకి పెద్దగా కనబడుతూ చేతిలో తేలిగ్గా ఉండే "క్రోనోగ్రాఫ్ స్విస్" వాచీల్లో 18 క్యారెట్ ముద్ర నిజమే అయినా రేకు పలచన, కొమ్ములు డొల్ల. వాటి దగ్గర పరిమాణం చూసి అంచనా వేయొద్దు.

మార్కెట్ ధర కావాలంటే అమ్మకానికి పెట్టిన ధరలు కాదు, అమ్ముడైన ధరలు చూడండి. ఈబేలో అమ్ముడైనవి మాత్రమే చూపే వీలుంది, వేలం సంస్థలు పాత ఫలితాలు సైట్‌లో ఉంచుతాయి. అదే మోడల్ నంబర్, అదే క్యారెట్, అసలు డయల్ ఉన్నవి కనీసం నాలుగైదు పోల్చండి. వేలం ఫలితంలో కొనేవారి కమీషన్ కూడా కలిసి ఉంటుంది, మీ చేతికి వచ్చేది అంతకన్నా తక్కువ. ఆడవాళ్ల చిన్న బంగారు వాచీలు పెద్ద పేరున్నవి తప్ప చాలావరకు బంగారం ధర దగ్గరే ఆగిపోతాయి. మగవాళ్ల వాచీల్లో ఒమేగా కాన్‌స్టెలేషన్, రోలెక్స్, పటేక్ లాంటివైతే ఇద్దరు ముగ్గురు వేలం సంస్థలకు ఫొటోలు పంపి అంచనా తెప్పించుకోకుండా ఎవరికీ మాట ఇవ్వకండి.

అన్నదమ్ముల పంపకం కోసమైతే అందరూ కలిసి ఒకే తేదీ రేటు పెట్టుకుని, బంగారం విలువ, మార్కెట్ విలువ రెండూ కాగితం మీద రాయించుకోండి. బీమాకు రాసే అంకె వేరు, అది అలాంటి వాచీని మళ్లీ దుకాణంలో కొనడానికయ్యే ఖర్చు. పంపకంలో దాన్ని వాడితే వాచీ తీసుకున్నవాళ్లు నష్టపోతారు.