మూకుట్లో నాచు తోట

శ్రావణం వచ్చిందంటే హైదరాబాద్‌లో మా ప్రహరీ గోడ ఉత్తరం వైపంతా నాచు పట్టి పచ్చబడిపోతుంది. మా అమ్మ ప్రతి ఏడాదీ దాన్ని కొబ్బరి పీచుతో గీకించేది. నేను అట్లకాడతో మెల్లగా లేపి మట్టి మూకుట్లో పెంచుకుంటున్నాను.

ఈ పిచ్చి నాకు జపాన్‌లోని క్యోటోలో పట్టుకుంది. మా అమ్మాయి ఒసాకాలో ఉద్యోగం చేస్తున్నప్పుడు సైహోజి గుడికి తీసుకెళ్లింది. ముందుగా బుక్ చేసుకుంటేనే లోపలికి రానిస్తారు. 1339లో ముసో సోసెకి అనే జెన్ బౌద్ధ సన్యాసి ఆ తోటను తీర్చిదిద్దాడు, కానీ నాచు ఆయన వేసింది కాదు. తర్వాతి కాలంలో, తోట ఆలనాపాలనా లేక పడి ఉన్నప్పుడు దానంతటదే అల్లుకుంది. ఇప్పుడు అక్కడ సుమారు 120 రకాలున్నాయి. చెట్ల కింద ఎక్కడ చూసినా తివాచీ పరిచినట్టే ఉంటుంది. అంత అందమైనది మన గోడ మీదా ఉంది కదా అనిపించింది.

ముందు ఏది నాచో తెలుసుకోండి. వేలితో రాస్తే జారుడుగా, జిగటగా తగిలితే అది ఉత్త పాచి, వదిలేయండి. మఖమల్ గుడ్డలా మెత్తగా తగిలితే అదే మనకు కావలసింది. అరకు, లంబసింగి వెళ్లినప్పుడు అక్కడి చెట్ల మీద నుంచి మాత్రం దయచేసి ఒలవకండి. మళ్లీ అంత పెరగడానికి ఏళ్లు పడుతుంది. మీ గోడ మీదదే చాలు, పైగా అది మీ ఎండకు అలవాటు పడినది.

వెడల్పాటి మూకుడు తీసుకుని, జల్లించిన ఎర్రమట్టిలో కాస్త ఇసుక కలిపి రెండు వేళ్ల మందాన పరవండి. ఎరువు వేయకండి. నాచుకు అసలైన వేర్లు ఉండవు, పట్టుకోవడానికి సన్నటి మూలతంతువులు ఉంటాయంతే. నీళ్లు ఆకులతోనే తాగుతుంది. అందుకే మట్టిని తడిపి, నాచు ముక్కను పెట్టి, కింద గాలి లేకుండా అరచేత్తో గట్టిగా అదమండి. మొహమాటపడకండి, నలిగిపోదు.

అన్నిటికన్నా ముఖ్యం నీళ్లు. నా మొదటి మూకుడు బోరు నీళ్లకే పోయింది. నెల తిరిగేసరికి ఆకుల మీద బకెట్ అంచున పట్టినట్టు తెల్లటి పొర కట్టింది. ఎండ ఎక్కువైందేమోనని మూడుసార్లు చోటు మార్చాను, తప్పంతా నీళ్ల ఉప్పుదని తర్వాత తెలిసింది. వాన నీళ్లు పట్టి సీసాల్లో ఉంచుకోండి. అవి అయిపోతే ఫిల్టర్ చేసిన తాగే నీళ్లు వాడండి. ఆర్‌ఓ మిషన్ బయటికి వదిలే నీళ్లు మాత్రం అస్సలు వద్దు, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ. పొద్దున్నే స్ప్రే బాటిల్‌తో ఓసారి కొడితే చాలు. వెలుతురు ఉండి ఎండ నేరుగా పడని చోట పెట్టండి.

రెండు రోజులు ఊరెళ్లి వచ్చేసరికి గోధుమరంగుకు తిరిగి ముడుచుకుపోతే టెన్షన్ పడకండి. భూతద్దం పట్టుకుని దగ్గర కూర్చుని స్ప్రే కొట్టండి. మెలితిరిగిన ఆకులు ఒక్కొక్కటే విచ్చుకుంటూ కొమ్మకు దూరంగా జరుగుతాయి. కొన్ని నిమిషాల్లో మూకుడంతా పచ్చగా అవుతుంది. నాకు ఇది ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. వానాకాలం చివర్లో వెంట్రుకలంత సన్నటి ఎర్రటి కాడలు లేస్తాయి, వాటి చివర టోపీ పెట్టుకున్న బుల్లి కాయలుంటాయి. కొత్త నాచు మొలిచే సిద్ధబీజాలు వాటిలోనే ఉంటాయి. కలుపనుకుని పీకేయకండి.

గడ్డి మొలిస్తే పట్టకారుతో తీసేయండి. పావురాలు కెలుకుతాయి, మూకుడు మీద వల కప్పండి.

ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు పోసి బతికించాలని తంటాలు పడొద్దు. నీడలో పెట్టి ఎండిపోనివ్వండి. మృగశిర కార్తెలో మొదటి వాన పడగానే బాల్కనీ అంచుకు జరపండి, భూతద్దం చేతికందేలా పెట్టుకోండి.