‘ఎక్సీడ్’ వాడే తీరు

పరిమితిని దాటడాన్ని తెలిపే ‘ఎక్సీడ్’ అనే ఇంగ్లీషు క్రియను మన ‘మించు’తో జతచేసి నేర్చుకోవాలి, ‘హద్దును మించింది’ అన్నప్పుడు కర్మ నేరుగా వచ్చినట్లే, ఎక్సీడ్ తర్వాత కూడా పరిమితి నేరుగా రావాలి. ‘కంటే’ అలవాటు కొద్దీ మన పిల్లలు మధ్యలో ‘దేన్’ చేరుస్తారు, అది తప్పు.

ధవళేశ్వరం బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. అప్పటికి ‘రీచ్’ అనే మాటే సరైనది. కొలబద్ద మీద నీరు 11.75ను దాటి, ఉదాహరణకు 11.80ను తాకినప్పుడు మాత్రమే ‘ద వాటర్ లెవెల్ హ్యాజ్ ఎక్సీడెడ్ 11.75 ఫీట్’ అని రాయాలి. లంక గ్రామాల వారికి ఈ తేడా చిన్నది కాదు.

ఎంత మించిందో చెప్పాలంటే ‘ఎక్సీడెడ్ ద లిమిట్ బై టూ ఫీట్’ అన్నట్లు ‘బై’ వాడాలి.