కాంట్రాక్టర్ల ట్యాక్స్ ఫారాలు, 2వ పాఠం: ముందు డబ్ల్యూ-9, తర్వాతే చెక్కు

మీ దగ్గర పనిచేసేవారిలో ఎవరు ఉద్యోగి, ఎవరు కాంట్రాక్టరు అన్నది గత పాఠంలో తేల్చుకున్నాం. ఈసారి కాంట్రాక్టర్ల దగ్గర తీసుకోవాల్సిన కాగితం, అంటే వాళ్లు తమ పేరు, పన్ను నంబరు రాసిచ్చే డబ్ల్యూ-9 ఫారం సంగతి చూద్దాం.

అమెరికాలో చిన్న వ్యాపారం చేసే చాలామందికి 1099-ఎన్‌ఈసీ (కాంట్రాక్టరుకి ఏడాదిలో ఎంత ఇచ్చారో చూపే ఫారం) గుర్తొచ్చేది జనవరిలోనే. 31వ తేదీకల్లా దాని కాపీ ఒకటి కాంట్రాక్టరుకి పంపాలి, ఐఆర్‌ఎస్‌కి (అమెరికా పన్నుల శాఖకి) ఫైల్ చేయాలి. ఫారం నింపడం కష్టమేం కాదు. అందులో వేయాల్సిన పేరు, నంబరు చేతిలో లేకపోవడమే అసలు టెన్షన్. మార్చిలో పెయింటింగ్ పని చేసి వెళ్లినాయన జనవరిలో ఫోన్ ఎత్తకపోవచ్చు. డబ్బు ఇంకా మీ చేతిలో ఉన్నప్పుడు అడిగితే మాత్రం వెంటనే ఇస్తారు. అందుకే డబ్ల్యూ-9 సంతకంతో వచ్చాకే మొదటి చెక్కు రాయండి. దీన్ని ఐఆర్‌ఎస్‌కి పంపక్కర్లేదు, మీ ఫైల్లోనే నాలుగేళ్లు భద్రంగా ఉంచాలి.

ఫారం వచ్చింది కదా అని పక్కన పడేయకండి, చదవండి. ఎక్కువ తప్పులు దొర్లేది ఒక్కరే యజమానిగా ఉన్న ఎల్‌ఎల్‌సీల (పరిమిత బాధ్యత కంపెనీల) దగ్గర. కార్పొరేషన్‌గా పన్ను కట్టే ఎంపిక చేసుకోకపోతే, మొదటి లైన్లో యజమాని పేరు, రెండో లైన్లో ఎల్‌ఎల్‌సీ పేరు ఉండాలి. నంబరు కూడా యజమానిదే వేయాలి, ఎల్‌ఎల్‌సీ ఈఐఎన్ (వ్యాపారానికిచ్చే పన్ను నంబరు) కాదు. పేరు ఒకరిది, నంబరు ఇంకొకరిది అయితే తర్వాత ఐఆర్‌ఎస్ నోటీసు మీకే వస్తుంది.

మూడో లైన్లో సీ లేదా ఎస్ కార్పొరేషన్ అని టిక్ ఉంటే మామూలుగా 1099 అక్కర్లేదు. లాయరు ఫీజుకి మాత్రం ఈ మినహాయింపు వర్తించదు. ఇక నంబరు ఇవ్వనే ఇవ్వనంటే, రిపోర్టు చేయాల్సిన చెల్లింపులో 24 శాతం పట్టుకుని ఐఆర్‌ఎస్‌కి కట్టాల్సిన బాధ్యత మీదే. ఆ మాట మర్యాదగా ముందే చెప్పండి, చాలావరకు అక్కడితో సరిపోతుంది.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. వెబ్‌సైట్ చేసిపెట్టినావిడకి ఫిబ్రవరిలో 900 డాలర్ల చెక్కు ఇచ్చారు, జూన్‌లో జెల్ (బ్యాంకు ఖాతాల మధ్య డబ్బు పంపే సేవ) ద్వారా 700 పంపారు, అక్టోబరులో క్రెడిట్ కార్డు మీద 1,500 కట్టారు. మొత్తం 3,100. కార్డు మీద కట్టింది మీ 1099లో రాదు, దాని రిపోర్టింగ్ కార్డు చెల్లింపులు నడిపే సంస్థ చూసుకుంటుంది. జెల్‌కి ఆ ఏర్పాటు లేదు కాబట్టి దాన్ని మీరే లెక్కలోకి తీసుకోవాలి. మిగిలింది 1,600.

ఇవి 2025 చెల్లింపులైతే, ఫారం ఇవ్వాల్సిన కనీస పరిమితి 600 డాలర్లు కాబట్టి ఇవ్వాలి, మొదటి బాక్సులో 1,600 వేయాలి. 2026 నుంచి పరిమితి 2,000కి పెరిగింది, కాబట్టి ఇదే లెక్క 2026లో అయితే అక్కర్లేదు. అలాగని డబ్ల్యూ-9 తీసుకోవడం మానొద్దు. ఏడాది చివర్లో ఇంకో 500 పని పడితే పరిమితి దాటిపోతారు.

వచ్చే పాఠంలోపు బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందేసుకుని, ఈ ఏడాది డబ్బిచ్చిన కాంట్రాక్టర్ల జాబితా రాయండి. డబ్ల్యూ-9 లేనివాళ్లకి ఈరోజే మెయిల్ పెట్టండి. వచ్చేసారి ఐఆర్‌ఎస్ ఉచిత పోర్టల్ ఐరిస్‌లో ఫైల్ చేయడం నేర్చుకుంటాం. దానికి ఒక కోడ్ కావాలి. అది రావడానికి 45 రోజుల దాకా పట్టొచ్చు, కాబట్టి దరఖాస్తు ఇప్పుడే పెట్టేయండి.