మంచం కొనేముందు దాన్ని వాల్చి చూడండి

నాలుగేళ్ళ కిందట మా అమ్మాయిని కాపురానికి పంపేటప్పుడు టేకు మంచం కొనిచ్చాం. రెండో వానాకాలానికి మంచం కింద రోజూ సన్నటి పిండి రాలడం మొదలైంది, జల్లెడ పట్టిన మైదాలా. ఊడ్చేస్తే మర్నాటికి మళ్ళీ అంతే. మల్కాజ్‌గిరిలో మా ఇంటికి పనిచేసే వడ్రంగిని తీసుకెళ్ళి చూపించాను. ఆయన పరుపు తీయించి, మంచం పక్కకి వాల్చి, పట్టె అడుగున ఉలితో కాస్త గీకాడు. పైనంతా తేనె రంగు, గీకినచోట పాలిపోయిన తెలుపు.

"టేకేనమ్మా. కానీ చేవ లేదు. అంతా తెల్లకర్ర, మీద రంగు పూశారు" అన్నాడు.

టేకంటే చాలు, పురుగు పట్టదనుకుంటాం. పురుగుకు లొంగనిది చేవ, అంటే మాను నడిమి గట్టి కర్ర. బెరడు వైపుండే తెల్లకర్రలో పిండిపదార్థం ఉంటుంది, పురుగు దానికోసమే వస్తుంది. ఆ రోజు నుంచి ఏ సామాను చూసినా ముందు పాలిష్ పడనిచోటు వెతుకుతున్నాను: పట్టెల అడుగు, బల్ల కింద, సొరుగు వెనక. హైదరాబాద్ నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో రాత్రి లైట్ల కింద అన్ని కర్రలూ బంగారు రంగులోనే కనిపిస్తాయి. ఫోన్ టార్చి వేసి, వంగి చూడండి. మొహమాటపడకండి.

బల్ల అంచు దగ్గర ఇంకో పరీక్ష ఉంది. పైనున్న కర్ర గీతల్లో ఒకదాని మీద వేలుపెట్టి అంచు దాకా రండి. నిజమైన పలక అయితే ఆ గీత అంచు మలుపు తిరిగి, కోసిన ముఖంలోకి దిగుతుంది. గీత అంచు దగ్గరే తెగిపోయి, పక్కన వేరే పట్టీ మొదలైతే అది పైన అతికించిన పల్చటి పొర. పొర వేయడం మోసమేమీ కాదు, మంచి ప్లైవుడ్ మీద వేస్తే చాలాకాలం మన్నుతుంది. పలక ధర అడిగితేనే మోసం.

ప్లైవుడ్ మీద ముద్ర చదవండి. ఐఎస్ 303 మామూలు వాడకానికి, ఐఎస్ 710 మెరైన్ రకం, అంటే తడిని బాగా తట్టుకునేది. సింక్ కింద, బాత్రూమ్ గోడకి ఆనుకునే అల్మారాకి 710 తప్ప ఒప్పుకోకండి. ముద్రలో సీఎం/ఎల్ అని ఉండే లైసెన్స్ నంబర్‌ను, ఈ ముద్రకి అనుమతిచ్చే ప్రభుత్వ ప్రమాణాల సంస్థ బీఐఎస్ వారి 'బీఐఎస్ కేర్' యాప్‌లో కొడితే అది అసలుదో కాదో తెలుస్తుంది. కర్రపొట్టుని జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు తడి తగిలితే ఉబ్బుతుంది, ఒకసారి ఊడిన స్క్రూ మళ్ళీ అందులో గట్టిగా పట్టదు.

అతుకుల సంగతికొస్తే, సోఫా ముందు కాలు ఒకదాన్ని అరడుగు పైకెత్తండి. రెండో ముందు కాలు కూడా లేచిందా, ఫ్రేమ్ గట్టిది. లేవకుండా నేలనే అంటుకుని ఉంటే ఫ్రేమ్ మెలికపడుతోందన్నమాట. సొరుగు పూర్తిగా బయటికి లాగి, అడుగు పలక గాడిలో కూర్చుందో, పిన్నులతో కొట్టారో చూడండి. మంచం కోళ్ళకి పట్టెలు బెజ్జంలోకి దిగాలి, లేదా బోల్టులతో బిగించాలి. ఉత్త మేకులు వదులైపోతాయి. సోఫా ఫోమ్‌కి మాత్రం డెన్సిటీ, అంటే ఘనపు మీటరుకి ఎన్ని కిలోలో అడగండి. కూర్చునే చోట 32 కన్నా తక్కువ తీసుకోవద్దు, 40 ఉంటే మేలు.

డిపోలో కర్ర కొని ఇంట్లో చేయించుకుంటే లెక్క మీరే వేసుకోండి. పొడవు అడుగుల్లో, వెడల్పూ మందమూ అంగుళాల్లో కొలిచి, మూడూ గుణించి 144తో భాగించండి. 7 అడుగుల పొడవు, 6 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల మందం ఉన్న కర్ర 0.58 ఘనపుటడుగులు. పచ్చికర్ర మాత్రం వద్దు. మన మే నెల ఎండకి అది ఆరి, వంగి, అతుకులు విడిపోతాయి.

డబ్బు కట్టేముందు బిల్లు మీద అన్నీ రాయించుకోండి: టేకు చేవ, ప్లై రకం, ఫోమ్ డెన్సిటీ. మేం కొన్న మంచం బిల్లు మీద 'ఉడ్ కాట్, 1' అని మాత్రమే ఉంది. పిండి రాలుతోందని వెళ్ళి అడిగితే, షాపతను ఆ ముక్కే చూపించాడు.