కాటా బరువు కంప్యూటర్లోకి రావడం లేదా? పాత డాస్ ప్రోగ్రాం, సీరియల్ పోర్టు సమస్యలు - పరిష్కారాలు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు రైసు మిల్లుల్లో విండోస్ 98 మీదో ఎక్స్‌పీ మీదో డాస్ కాటా ప్రోగ్రాం నడుపుతున్నవాళ్ల కోసం ఇది. ధాన్యం లారీలు వరస కట్టినప్పుడు కంగారుపడి విండోస్ ఫార్మాట్ కొట్టకండి. తప్పు చాలాసార్లు తీగలోనే ఉంటుంది, ఫార్మాట్ కొడితే పాత తూకాల లెక్కలు పోతాయి.

ఇండికేటర్‌లో (కాటా బరువు చూపే డబ్బాలో) బరువు ఉంది, తెరమీద ఏమీ రాదు

ముందు పోర్టు పనిచేస్తోందో లేదో తేల్చుకోండి. కేబుల్ పీకి, కంప్యూటర్ వెనక 9 పిన్నుల పోర్టులో 2, 3 పిన్నులను చిన్న తీగతో కలపండి. విండోస్‌తో వచ్చే హైపర్‌టెర్మినల్ ప్రోగ్రాంలో కామ్1 (మొదటి సీరియల్ పోర్టు) తెరిచి, ఫ్లో కంట్రోల్ తీసేసి టైప్ చేయండి. కొట్టిన అక్షరం కనిపించాలి, తీగ తీస్తే ఆగిపోవాలి. కనిపించకపోతే బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లోకి) వెళ్లి సీరియల్ పోర్టును అడ్రసు 3ఎఫ్8, ఐఆర్‌క్యూ 4 మీద ఎనేబుల్ చేయండి. డాస్ ప్రోగ్రాం కామ్1 కోసం వెతికేది ఆ అడ్రసులోనే.

పోర్టు బాగుంటే ఇక కేబుల్. ఇండికేటర్ ఆన్‌లో ఉంచి, పీకిన కేబుల్‌కు కంప్యూటర్ వైపు కొసలో మల్టీమీటర్ ఎర్ర ప్రోబ్ 2వ పిన్ను మీద, నల్లది 5వ పిన్ను మీద పెట్టండి. ఇండికేటర్ ఏమీ పంపనప్పుడు సుమారు మైనస్ 5 నుంచి మైనస్ 12 వోల్టులు చూపాలి. నిరంతరం పంపే రకమైతే ముల్లు ఊగుతుంది. ఆ వోల్టేజీ 3 మీద కనిపిస్తే తీగలు తారుమారయ్యాయి, 2, 3 మార్చి టంకం వేయండి. ఎక్కడా లేకపోతే తీగ తెగిందో, పిడుగుకు ఇండికేటర్ లోపలి ఐసీ పోయిందో. ఇండికేటర్ మీరే విప్పకండి. తూనికలు కొలతల శాఖ సీలు తెగితే మళ్లీ ముద్ర వేయించుకోవాలి.

వోల్టేజీ సరిగ్గా ఉన్నా బరువు రాలేదంటే, ప్రోగ్రాం 'సిద్ధం' అన్న సిగ్నల్ కోసం ఎదురుచూస్తూ ఉండొచ్చు. మూడు తీగల కేబుల్లో ఆ సిగ్నల్ ఉండదు. కంప్యూటర్ వైపు కనెక్టర్లో 7ని 8తో, 4ని 6తో, 1తో కలిపితే సరిపోతుంది.

కొన్ని అంకెలు సరిగ్గా, కొన్ని పిచ్చి గుర్తులుగా వస్తే

ఏ అంకెలు చెడుతున్నాయో కాగితం మీద రాసుకోండి. 0, 3, 5, 6, 9 బాగుండి, 1, 2, 4, 7, 8 మాత్రమే చెడితే, ఇండికేటర్ 7 బిట్లు, ఈవెన్ పారిటీతో (ఒకట్ల లెక్క సరి సంఖ్య అయ్యేలా చేర్చే తనిఖీ బిట్‌తో) పంపుతోంది, కంప్యూటర్ 8 బిట్లు, పారిటీ లేకుండా చదువుతోంది. బేసి సంఖ్యలో ఒకట్లు ఉన్న అంకెకు పారిటీ బిట్ తోడై వేరే గుర్తుగా మారుతుంది. సరిగ్గా దీనికి వ్యతిరేకంగా జరిగితే అది ఆడ్ పారిటీ. అంకెలన్నీ చెడితే బాడ్ రేటు (అంకెలు పంపే వేగం) తేడా: 1200, 2400, 4800, 9600 వరసగా ప్రయత్నించండి. సరైన విలువలను ప్రోగ్రాం సెటప్‌లో పెట్టండి.

ఎక్స్‌పీ తెరవగానే మౌస్ బాణం గెంతులేస్తే

ఇండికేటర్ ఆగకుండా పంపే అంకెలను చూసి ఎక్స్‌పీ సీరియల్ మౌస్ అనుకుంటుంది. డివైస్ మేనేజర్‌లో, మౌస్‌ల కింద, సీరియల్ బాల్‌పాయింట్‌ను డిజేబుల్ చేయండి. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

యూఎస్‌బీ కన్వర్టర్ పెడితే

98లోని అసలు డాస్ మోడ్‌లో అది పనిచేయదు, దానికి 3ఎఫ్8 అడ్రసే లేదు. ఎక్స్‌పీలో పోర్టు నంబరును కామ్1కి మారిస్తే చాలాసార్లు నడుస్తుంది. ఇంతకన్నా మదర్‌బోర్డు మీది సీరియల్ హెడర్‌కు బ్రాకెట్ తగిలించడం మేలు. ఆ బ్రాకెట్లలో రెండు రకాల వైరింగ్ ఉంది. బిగించాక 2-3 పరీక్ష మళ్లీ చేయండి.

'రన్‌టైమ్ ఎర్రర్ 200'

ఇది పోర్టు తప్పు కాదు. టర్బో పాస్కల్‌లో రాసిన ప్రోగ్రాం వేగమైన ప్రాసెసర్ మీద తెరుచుకునేటప్పుడే ఆగిపోతుంది. ఈఎక్స్‌ఈ ఫైలును కాపీ తీసి ఉంచుకుని, ఆ కాపీకే ఈ లోపాన్ని సరిచేసే ప్యాచ్ వేయండి.