మడుగులో ఎర మాయమవుతుంటే నేను చేసిన మార్పులు

అనంతపురం జిల్లాలో మా ఊరి కొండ కింద వాననీటితో నిండే మడుగు ఒకటి ఉంది. గాలానికి వానపామును గుచ్చి వేస్తే దారానికి కట్టిన, నీటిపై తేలే బెండు తెగ వణికేది, లాగితే ఖాళీ కొక్కెం. ఇది చిన్న చేపల పని. కొక్కెం వాటి నోట పట్టదు, ఎరను అంచుల నుంచి తుంచుకుని పోతాయి.

వానపామును మానేశాను. మన జిల్లాలో వేరుశనగ చెక్కకు, అంటే నూనె తీశాక మిగిలే పిప్పికి, కొదవా? దాన్ని దోరగా వేయించి, మెత్తగా దంచి, తవుడు, కాస్త మైదా కలిపి పిసికాను. చపాతీ పిండికన్నా గట్టిగా ఉండాలి, లేకపోతే విసరగానే ఊడిపోతుంది. శనగగింజంత ఉండ చాలు, కానీ కొక్కెం మొన బయటికి కనిపించకూడదు.

తర్వాత లోతు. చేపల్లో బొచ్చె పైపొరలో, శీలావతి నడినీటిలో, మృగాల అడుగున మేస్తాయి. నాకు కావలసింది శీలావతి కాబట్టి ఎర నడిలోతులో వేలాడేలా బెండును జరిపాను.

గాలిని కూడా చూసుకోవాలి. ఆషాఢంలో ఇక్కడ పడమటి గాలి విడవకుండా వీస్తుంది. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. నీటిపై తేలే మేత తూర్పు గట్టుకు కొట్టుకొస్తుంది, చేపలూ దాని వెంటే వస్తాయి. ఎదురుగాలికి విసరడం చిరాకే, అయినా నేను అక్కడే కూర్చుంటాను.

ఇప్పుడు బెండు వణకడం తగ్గింది, ఒక్కసారిగా మునుగుతోంది. ఉండ నానిందంటే చిన్న చేపలు మళ్లీ చేరతాయి, కాబట్టి తరచూ మార్చాలి. కొర్రమీనుకు మాత్రం ఈ పిండి పనికిరాదు. అది వేటాడే చేప, దానికి కదిలే ఎర కావాలి.